మా ఏడు గంటల బ్యాచి

పెద్ద పెద్ద వాణిజ్య విద్యాలయాలలో చదివి బయటికి వచ్చినవారికి ఒక మంచి అలవాటు ఉన్నది. తమ సహాధ్యాయులు ఎక్కడెక్కడ ఉన్నారో, ఏయే ఉద్యోగాలు చేస్తున్నారో, ఎవరికి ఎందరు పిల్లలో, ఎవరు కాలం చేశారో అన్నీ సేకరించి, తరగతివారీగా తమ పత్రికలో అచ్చు వేసుకొంటారు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంవారి బిజినెస్ స్కూలు 1908లో పుట్టింది. అక్కడ 1949లో పట్టం పుచ్చుకొన్న తరగతికి ‘డాలర్లు కురిసిన తరగతి’ అని పేరు. రెండవ ప్రపంచయుద్ధంలో పనిచేసి తిరిగివచ్చి, సర్కారు ఇచ్చిన సహాయంతో చదువుకొన్న యువకులే అందులో చాలామంది. వారిలో ఎందరో పెద్ద కంపెనీలకు అధిపతులైన సంగతి 1974లో ఫార్చ్యూన్ అనే పత్రిక వ్రాసింది. నాటినుంచి ఆ తరగతి కథ లోకమంతా చెప్పుకొంటూనే ఉన్నది.

మన బొంబాయికి కూడ ఆ విద్య కొత్తదేమీ కాదు. సొహ్రాబ్ దావర్‌గారు 1900లోనే ఇక్కడ కామర్సు కళాశాల పెట్టారు. 1913లో సిడెన్‌హాం కళాశాల వచ్చింది. ఆసియా ఖండంలో మొదటి కామర్సు కళాశాల అదేనని చెపుతారు. డాక్టర్ అంబేద్కర్‌గారు 1918 నుంచి 1920 వరకు అక్కడ అర్థశాస్త్రం బోధించారు. 1965లో బొంబాయి విశ్వవిద్యాలయం ఆధ్వర్యాన బజాజ్ ఇన్‌స్టిట్యూటు వెలిసింది. ఇవన్నీ మన గల్లీలకు బస్సులో అరగంట ప్రయాణమే. కాని ఆ అరగంట దాటడానికి మన కుటుంబాలలో చాలావాటికి మూడు నాలుగు తరాలు పట్టింది.

కారణం పాఠకులకు తెలియనిది కాదు. హార్న్‌బీ వెల్లార్డు కట్ట 1784 ప్రాంతంలో పూర్తయి, సముద్రపు నీరు తగ్గి పల్లపు నేల బయటపడిన తరువాత, నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి తాపీపనివారు, మట్టి మోసేవారు వచ్చి ఇక్కడ గుడిసెలు వేసుకొన్నారు. వారిని కామాటీలన్నారు. వారున్న చోటు కామాటిపుర అయింది. వారిలో కొందరు గుత్తేదారులై సంపాదించారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకూ బాలాజీ కాళేవార్ వంటి తెలుగు పెద్దలు జ్యోతిరావు ఫూలేగారి సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. ఆ సమాజం 1873లో పుట్టింది. అయితే గుత్తేదారు లెక్కలు వ్రాస్తే, కూలివాడు వేలిముద్ర వేసేవాడు. నెత్తిన తట్ట మోసిన ఇంటిలో మొదటిసారి పద్దు వ్రాయగల బిడ్డ పుట్టడం చిన్న సంగతి కాదు. ఆ బిడ్డ ఏ కళాశాలలో చదివాడని అడిగితే, మన గల్లీలలో చాలామంది చెప్పే పేరు ఒక టైపు ఇన్‌స్టిట్యూటే.

మా బిజినెస్ స్కూలు కూడ అదే. చెక్కమెట్లు ఎక్కి రెండో మాళాకు వెళ్ళాలి. కింద ఇస్త్రీ దుకాణం. పైన పన్నెండు మిషన్లు, ఎనిమిది రెమింగ్టన్లు, నాలుగు గోద్రెజ్‌లు. పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా గంటకొక బ్యాచి. 1997-98లో సాయంత్రం ఏడు గంటల బ్యాచిలో మేము పన్నెండుమందిమి ఉండేవాళ్ళము. ముగ్గురు ఆడపిల్లలు, తొమ్మిదిమంది మగపిల్లలు. అందరమూ పదో తరగతి ప్యాసైనవాళ్ళమే. పగలు దుకాణాలలోనో వర్క్‌షాపులలోనో పని చేసుకొని, సాయంత్రం చేతులు కడుక్కొని వచ్చేవాళ్ళము. గంటసేపు టైపు, ఆ తరువాత అరగంట జమాఖర్చు. సర్కారువారి కమర్షియల్ సర్టిఫికెట్ పరీక్షకు నిమిషానికి ముప్ఫై మాటలు, ఆ పైది కావాలంటే నలభై. మిషను మీదికి వంగి చూస్తే మా సారు వెనకనుంచి వచ్చి, “వేళ్ళు జూడకురా, కాగితం జూడు” అనేవారు. ఎవరికి ఏ మిషను ఇస్తే పరీక్ష అయ్యేదాకా అదే. అందుచేత ఒకరినొకరు పేరుతోకంటె నంబరుతోనే పిలుచుకొనేవాళ్ళము. ఈ వ్యాసంలో కూడ ఆ పద్ధతినే పాటిస్తున్నాము. కొందరి కోరిక కూడ అదే. ఎందుకో తరువాత చెపుతాము.

సారు దగ్గర ఒక పెద్ద రిజిస్టరు ఉండేది. 1968 నుంచి చేరిన ప్రతివారి పేరు, తండ్రి పేరు, తండ్రి చేసే పని, ఇంటి అడ్రసు, చేరిన తేదీ అన్నీ నీలిసిరాతో వ్రాసేవారు. చివరి గడికి ‘శేరా’ అని పేరు. మరాఠీ దఫ్తరాలలో రిమార్కును అలా అంటారు. పిల్లవాడికి ఉద్యోగం దొరికి పేడాలు పట్టుకొని వచ్చిననాడు, సారు కళ్ళజోడు పెట్టుకొని ఆ గడిలో ఎర్రసిరాతో కంపెనీ పేరు వ్రాసేవారు. ఇన్‌స్టిట్యూటు 2012లో మూతపడింది. ఆ తరువాత కొన్నేళ్ళకు సారు కూడ పోయారు. కట్టడం పాతబడి ఖోలీలు ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు సారు కోడలు మమ్మల్ని పిలిచి, “చెత్తబండికి వెయ్యబుద్ధి కాలె, మీరు తీస్కపోండి” అని ఆ రిజిస్టరు మా చేతిలో పెట్టింది. మేమంటే ఇప్పటికీ సంఘం హాలులో ఆదివారాలు కలిసే రెండో నంబరు, అయిదో నంబరు, పదో నంబరు.

ఆ రిజిస్టరు తిరగవేస్తే ఈ నగరం చరిత్ర కనిపిస్తుంది. 1969 జూలై 19న పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేశారు. ఆ తరువాతి పేజీలలో ఎర్రసిరా దట్టంగా ఉంటుంది. బ్యాంకు, జీవితబీమా, పోర్టు ట్రస్టు, రైల్వే, బెస్టు, మునిసిపాలిటీ. అప్పుడు శాఖలు పెరుగుతున్నాయి, కాగితం పెరుగుతున్నది, టైపు కొట్టేవాడు కావాలి. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైంది. దత్తా సామంత్‌గారి నాయకత్వాన దాదాపు రెండున్నర లక్షలమంది పని మానివేశారు. ఆ సంవత్సరం, ఆ మరుసటి సంవత్సరం పేజీలలో తండ్రి పని అనే గడిలో ‘మిల్లు’, ‘మిల్లు’, ‘మిల్లు’ అని వరసగా ఉన్నది. తండ్రి సాంచా ఆగిపోతే కొడుకును టైపుకు పంపారు. 1990 దాటిన తరువాత శేరా గడిలో ‘ప్రైవేటు’ అనే మాట ఎక్కువైంది. మా పేజీలో బ్యాంకు ఒక్కటి కూడ లేదు. 2000-01లో సర్కారు బ్యాంకులు స్వచ్ఛంద విరమణ పథకం పెడితే లక్షమందికి పైగా ఉద్యోగులు తప్పుకొన్నారు. మేము వేళ్ళు తిప్పడం నేర్చుకొంటున్న రోజులలోనే ఆ వేళ్ళ అవసరం తగ్గిపోతున్నది. గోద్రెజ్‌వారు 1955లో టైపు మిషన్లు చేయడం మొదలుపెట్టి 2009లో ఆపివేశారు. మాకు అప్పుడు ఈ సంగతులు తెలియవు. తెలిసినా చేయగలిగిందేమీ లేదు. చేరిన ఫీజు చేరిపోయింది, పరీక్ష ప్యాసు కావాలి, అంతే.

మా పేజీలో తొమ్మిది గడులలో ఎర్రసిరా ఉన్నది, మూడు గడులు ఖాళీ. ఉన్నవి కూడ మొదటి ఉద్యోగం దగ్గరే ఆగిపోయాయి. మొదటి ఉద్యోగంతో మనిషి కథ అయిపోదు గదా! పెద్ద విద్యాలయాలవారు చేసే పని మనమూ చేస్తే ఏమని మాకు తోచింది. మిగిలిన తొమ్మిదిమందిని వెతికి, ‘ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, ఏమి చేస్తున్నారు’ అని అడిగి ఆ గడులు పూర్తి చేయాలని అనుకొన్నాము. వెతకడానికి నాలుగు నెలలు పట్టింది. చాల్‌లో ఒకరి నంబరు మరొకరి దగ్గర దొరికింది. ఒకరి చిరునామా కిరాణా దుకాణం ఉధారు పుస్తకంలో దొరికింది.

మొట్టమొదట జవాబిచ్చినవాడు ఆరో నంబరు. మాలో పై చదువు చదివినవాడు అతడొక్కడే. రాత్రి కళాశాలలో బి.కాం., ఉద్యోగం చేస్తూ ఎం.బి.ఏ. పూర్తిచేసి, 2006లో హైదరాబాదు వెళ్ళి, ఇప్పుడు మాదాపురంలో ఒక కంపెనీలో మేనేజరు. అతని కింద ముప్ఫైమంది పనిచేస్తారు. మూడు పేజీల ఉత్తరం ఇంగ్లీషులో పంపాడు. తెలుగులో వ్రాయమని కోరితే, వ్రాత మరచిపోయానని, తెలుగులో మాట్లాడి ఆ రికార్డు పంపాడు. మాట మాత్రం మన గల్లీ మాటే, ఏమీ మారలేదు. చివర ఒక మనవి చేశాడు. “పత్రికల ఏస్తే కామాటిపుర అని ఎయ్యకుండ్రి. ముంబై అని ఎయ్యండి చాలు.”

ఒకటో నంబరు 1999లో ఫోర్టులో ఒక వకీలుగారి ఆఫీసులో చేరాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. రెమింగ్టన్ పోయి కంప్యూటరు వచ్చింది, పెద్ద వకీలు పోయి కొడుకు వచ్చాడు, ఇతడు మాత్రం అదే కుర్చీలో. పాతికేళ్ళ పిటిషన్లు చూసి చూసి, ఏ దావా నిలుస్తుందో ఏది కొట్టివేస్తారో కాగితం చూసి చెప్పగలడు. చిన్నవకీలుగారు కూడ ఇతన్ని అడిగే సంతకం చేస్తారట. జీతం మాత్రం గుమాస్తా జీతమే.

మూడో నంబరు తండ్రి మిల్లు సమ్మెలో పని పోగొట్టుకొన్నవాడు. ఇతడు దలాల్ స్ట్రీటులో ఒక బ్రోకరు దగ్గర చేరాడు. షేరు సర్టిఫికెట్లు కట్టలు కట్టలుగా వచ్చేవి. బదిలీ ఫారం మీద సంతకం సరిపోయిందా, స్టాంపు సరిపోయిందా అని చూడడం ఇతని పని. ఒక్క సంతకం తేడా వస్తే ‘బ్యాడ్ డెలివరీ’ అని తిరిగివచ్చేది. కాని స్టాక్ ఎక్స్ఛేంజిలో అరుపుల వ్యాపారం 1995లోనే కంప్యూటరు తెర మీదికి ఎక్కింది. 1996లో షేర్లను కాగితం లేకుండా దాచే డిపాజిటరీ వచ్చింది. 2001 జూలైలో పాత బద్లా పద్ధతి రద్దయింది. సర్టిఫికెట్లే లేకపోతే సంతకాలు చూసేవాడెందుకు? 2002లో అతని పని పోయింది. ఇప్పుడు నాగపాడా దగ్గర చిన్న జెరాక్సు దుకాణం నడుపుతున్నాడు. రైలు టిక్కెట్లు, ఆధారు దరఖాస్తులు, చిన్న వ్యాపారులకు గుమాస్తా లైసెన్సు కాగితాలు. “ఒకప్పుడు లోకుల సంతకాలు తప్పు పట్టేటోణ్ణి, ఇప్పుడు సంతకం ఎక్కడ పెట్టాల్నో చూపిస్తున్న” అని నవ్వాడు.

నాలుగో నంబరు 2004లో దుబాయి వెళ్ళాడు. ఒక నిర్మాణ కంపెనీ గోదాములో స్టోరు గుమాస్తా. మన తాతలు బొంబాయికి వచ్చి కట్టడాలు కట్టినట్లే, మన జిల్లాలవారు అక్కడికి పోయి కట్టారు. తేడా ఏమంటే ఇతడు ఇటుక మోయలేదు, ఇటుకలు లెక్కపెట్టాడు. లోకమంతా 2008లో వ్యాపారాలు పడిపోయినప్పుడు అక్కడి పనులు ఆగిపోయి, 2009లో తిరిగివచ్చాడు. ఇప్పుడు తాతల ఊరికి పోయి జగిత్యాల జిల్లాలో ఒక రైసుమిల్లు లెక్కలు వ్రాస్తున్నాడు. 2016లో కరీంనగరు నుంచి విడిపోయి ఏర్పడిన జిల్లా అది. అక్కడివారు ఇతన్ని ‘బొంబాయాయన’ అంటారు. బొంబాయిలో ఇతని తండ్రిని ‘కరీంనగరోడు’ అనేవారు.

ఎనిమిదో నంబరు అమ్మాయికి పరీక్ష ఫలితం రాకముందే పెళ్ళయి భివండీ వెళ్ళిపోయింది. ఆమె శేరా గడి ఖాళీ. భర్తకు ఆరు పవర్‌లూములు ఉండేవి. నూలు ఉధారుగా తెచ్చి, గుడ్డ అమ్మి, లాభమో నష్టమో తెలియకుండా నడిచే వ్యాపారం. ఈమె ఒక నోటుబుక్కు తీసుకొని సారు నేర్పినట్లు జర్నలు, లెడ్జరు వ్రాయడం మొదలుపెట్టింది. రెండు నెలలలో తేలిందేమంటే, ఆరింటిలో రెండు సాంచాలు తినడమే గాని పెట్టడం లేదు. అవి అమ్మివేశారు. మిగిలిన నాలుగు ఇప్పటికీ నడుస్తున్నాయి. “నాకు నౌకరీ ఎక్కడిదక్కా, మా ఇంటి లెక్కలే రాసుకుంటున్న” అని పదో నంబరుతో ఫోనులో చెప్పింది. ఇరవయ్యేళ్ళకు పైగా ఒక కుటుంబాన్ని అప్పుల్లో పడకుండా కాపాడిన మనిషి ‘నాకు ఉద్యోగం లేదు’ అంటున్నది.

తొమ్మిదో నంబరు పగిడీ ఖోలీ వదులుకొని 2010లో విరార్ వెళ్ళాడు. చర్నీరోడ్డు దగ్గర ఒక ఆసుపత్రిలో బిల్లింగు గుమాస్తా. పొద్దున అయిదున్నరకు ఇల్లు విడిస్తే రాత్రి తొమ్మిదికి చేరతాడు. “ఇల్లు పెద్దదైంది, ఇంట్ల ఉండుడు తక్కువైంది” అన్నాడు. అతడు కూడ ఫోను పెట్టేముందు, కామాటిపుర పేరు లేకుండా చూడమన్నాడు.

జవాబిచ్చినవారిలో నలుగురు ఈ మాట అడిగారు. మన పాఠకులకు దీనికి వివరణ అక్కరలేదు. తాపీపట్టినవారి పేరు మీద వెలిసిన పేట ఇది. బ్రిటిషువారి కాలంలో దీనిలో కొన్ని గల్లీలు వేరే వ్యాపారానికి నెలవైనాయి. తరువాత పత్రికలు, సినిమాలు కలిసి ఆ కొన్ని గల్లీల పేరును మొత్తం పేటకు అంటగట్టాయి. పక్క గల్లీలో గుడి ఉన్నదని, బడి ఉన్నదని, బతుకమ్మ ఆడతారని, నాలుగు తరాలుగా ఒకే ఖోలీలో కాపురముంటున్న కుటుంబాలున్నాయని ఎవరికీ పట్టలేదు. ఆ గల్లీలలోని స్త్రీలను నిందించి మనం పెద్దవాళ్ళం కాబోము. వారినీ పేదరికమే ఇక్కడికి తెచ్చింది, మన తాతలనూ పేదరికమే తెచ్చింది. కాని అడ్రసు చెప్పుకోలేని బాధ అనుభవించినవారికే తెలుస్తుంది. పెళ్ళి సంబంధాలలో, బ్యాంకు అప్పులలో, ఉద్యోగాలలో ఆ ఒక్క మాట దగ్గర ఎదుటివారి కలం ఆగిపోతుంది.

ఏడో నంబరు అమ్మాయి సంగతి చెప్పాలి. మా పన్నెండుమందిలో ఆమెదే వేగం. టైపు నిమిషానికి యాభై, షార్ట్‌హ్యాండు వంద. 1999లో నారిమన్ పాయింటులో ఒక కంపెనీ పరీక్ష పెడితే ఈమె కాగితంలో ఒక్క తప్పు లేదు. మరునాడు లోపలికి పిలిచారు. పెద్ద అధికారి దరఖాస్తు చదువుతూ అడ్రసు దగ్గర ఆగి, “అక్కడేనా మీరు ఉండేది?” అని అడిగాడట. అవునన్నది. తరువాత ప్రశ్నలు లేవు, ఉత్తరమూ లేదు. ఆ మరుసటి దరఖాస్తులో ఆమె ‘ముంబయి సెంట్రల్, ముంబయి 400008’ అని వ్రాసింది. గల్లీ అదే, ఖోలీ అదే, పిన్‌కోడు కూడ అదే. నెల తిరగకుండా ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఒక రవాణా కంపెనీలో ఆఫీసు సూపరింటెండెంటు. కొత్తవారిని తీసుకొనేటప్పుడు దరఖాస్తులు ముందుగా చూసేది ఆమే. అడ్రసు గడి మీద కాగితం మడిచి, మిగిలింది చదివి నిర్ణయం చేస్తుందట.

ఆమె కూతురు ఇప్పుడు నిజంగానే ఒక బిజినెస్ స్కూలులో చదువుతున్నది. మొదటిరోజు అందరూ తమను గురించి నాలుగు మాటలు వ్రాయమంటే, ఆ పిల్ల ఊరు అనే చోట ‘సౌత్ ముంబయి’ అని వ్రాసిందట. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. తల్లి ఏమీ అనలేదు. తరువాతి ఆదివారం కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చి, ఇన్‌స్టిట్యూటు ఉండిన కట్టడం, తాను పుట్టిన ఖోలీ, నీళ్ళకు వరస కట్టిన నల్లా చూపించింది. మేము కూడ కలిశాము. మిగిలినవారి కోరిక ఆమెకు చెప్పి, నీకెలా వేయమంటావని అడిగాము. “నా పేరు వెయ్యకున్నా మంచిదే, జాగ పేరు మాత్రం వెయ్యండి. మొదటి ఎంట్రీ తప్పు రాస్తే కింద మొత్తం కలవదని సారే చెప్పిండు గదా” అన్నది.

ఆ మాట మీద మేము ముగ్గురమూ చాలా ఆలోచించాము. అడిగిన నలుగురి కోరికను కాదనడానికి మాకు హక్కు లేదు. దెబ్బ తిన్నది వారు. అందుచేత ఎవరి పేరూ వేయకుండా నంబర్లే వేశాము. పేట పేరు మాత్రం దాచలేదు. పేరు దాస్తే ఒక మనిషికి మేలు కలగవచ్చు. అందరమూ దాచుకొంటే, ఇక్కడినుంచి వకీలు ఆఫీసుకు, దుబాయికి, మాదాపురానికి పోయి నిలబడ్డ మనుషులున్నారని చెప్పేవారే ఉండరు. అప్పుడు సినిమాలు చెప్పిందే మిగులుతుంది.

పన్నెండో నంబరు మా మధ్య లేడు. ఒక హోటలులో లెక్కలు వ్రాసేవాడు. 2021 ఏప్రిల్‌లో కరోనా రెండో విడతలో పోయాడు. అతని భార్యను అడగడానికి మాకు నోరు రాలేదు. ఆమే కబురు విని ఫోను చేసింది. “ఆయనది కూడ రాయండి. హోటల్ బంద్ అయినప్పుడు చాల్‌ల పిల్లల్ని గ్యాలరీల దూరం దూరం కూసొబెట్టి లెక్కలు చెప్పిండు. ఇద్దరు పిల్లలు పదోది ప్యాసైండ్రు” అన్నది. శేరా గడిలో అలాగే వ్రాశాము.

ఇక పదకొండో నంబరు. ఇతన్ని వెతకనక్కరలేదు, మా పక్క గల్లీలోనే ఉంటాడు. అయినా అందరికంటె చివరికి జవాబిచ్చింది ఇతడే. ఇతని శేరా గడి ఖాళీగా ఉన్నది. తల్లికి పక్షవాతం వస్తే ఆమెను చూసుకోవడానికి ఇంటిపట్టున ఉండిపోయాడు. పదహారేళ్ళు చూసుకొన్నాడు. ఆమె పోయేసరికి ఇతనికి కంపెనీలలో చేరే వయస్సు దాటింది. ఎన్నిసార్లు అడిగినా, “నాది రాసేదేమున్నది? మీరంతా పనిల ఉన్నరు” అని తప్పించుకొన్నాడు.

కాని ఈ గల్లీలలో ఏ ఇంటికి పోయి అడిగినా అతని పని చెపుతారు. రేషను కార్డులో పేరు తప్పు పడితే అతడే దరఖాస్తు వ్రాయాలి. ముసలమ్మకు పింఛను రావాలంటే అతడే వెంట పోవాలి. తెలుగు, మరాఠీ, హిందీ మూడూ వ్రాస్తాడు. కామాటిపుర గల్లీలన్నిటినీ కలిపి కొత్తగా కట్టించడానికి మ్హాడావారు పూనుకొన్నప్పటినుంచి అతని గుమ్మం ముందు జనం తగ్గడం లేదు. కొత్త కట్టడంలో ఇల్లు రావాలంటే పాత ఖోలీ తమదని కాగితాలతో చూపాలి. పగిడీ ఇళ్ళ సంగతి మనకు తెలుసు. అద్దె రసీదు ఇప్పటికీ ముత్తాత పేరు మీద ఉంటుంది, ముత్తాత పేరు మూడు రసీదులలో మూడు రకాలుగా ఉంటుంది, కరెంటు బిల్లు చిన్నాన్న పేరు, ఓటరు కార్డు మనుమడి పేరు. తాత పేరు, తండ్రి పేరు, కొడుకు పేరు ఒక వరసలో పెట్టి, ఏ కాగితం దేనికి అతుకుతుందో చూపి, లేని కాగితం ఎక్కడ దొరుకుతుందో చెప్పగలవాడు ఇతడే. కాఫీ తప్ప ఏమీ పుచ్చుకోడు. రెండు వందల ఏళ్ళ కిందట వచ్చినవారి వారసులు రేపు ఇక్కడే ఉంటారా, ఊరవతలికి పోతారా అనేది చాలా ఇళ్ళలో ఇతడు పేర్చిన కాగితాల కట్ట మీద ఆధారపడి ఉన్నది.

మాది డాలర్లు కురిసిన తరగతి కాదని ఒప్పుకోవలసిందే. పన్నెండుమందిలో మేనేజరు ఒక్కడు, సూపరింటెండెంటు ఒకతె. మిగిలినవారము గుమాస్తాలము, చిల్లర దుకాణదారులము, ఇంటి లెక్కలు వ్రాసేవారము. కాని సారు మాకు నేర్పిన విద్యలో ఒక సంగతి ఉన్నది. జంటపద్దు పద్ధతిని 1494లో ఇటలీలో లూకా పాచ్యోలి అనే సన్యాసి పుస్తకంగా అచ్చు వేయించాడు. ఆ పద్ధతిలో ఇచ్చినదీ వ్రాయాలి, వచ్చినదీ వ్రాయాలి. పెద్ద విద్యాలయాల పత్రికలలో ఎవరికి ఎంత వచ్చిందో కనిపిస్తుంది. ఎవరు ఎంత ఇచ్చారో అంతగా కనిపించదు. పదకొండో నంబరు గడిలో ఏమి వ్రాయాలని మేము ముగ్గురమూ రెండు ఆదివారాలు తర్జనభర్జన పడ్డాము. ‘సంఘసేవకుడు’ అంటే అతడు నవ్వుతాడు. ‘నిరుద్యోగి’ అంటే అబద్ధం. చివరకు సారు వాడిన ఎర్రసిరా కొనితెచ్చి, ‘గల్లీ గుమాస్తా’ అని వ్రాశాము. అతనికి చూపించాము. చాలాసేపు చూసి, “అక్షరాలు బాగా రాసిండ్రు” అని మాత్రం అన్నాడు.

ఎనిమిదో నంబరు గడిలో ‘నాలుగు సాంచాల జమాఖర్చు’ అని వ్రాశాము. దానితో మా పేజీ పూర్తయింది. రిజిస్టరులో ఇంకా నాలుగు వందలకు పైగా పేజీలున్నాయి. అది ఇప్పుడు సంఘం కార్యాలయంలో అలమారలో ఉన్నది. ఆ ఇన్‌స్టిట్యూటులో ఏ సంవత్సరంలోనైనా, ఏ బ్యాచిలోనైనా చదివినవారు, వారి పిల్లలు ఆదివారం వచ్చి తమ పేజీ చూసుకోవచ్చు. దూరాన ఉన్నవారు నాలుగు మాటలు వ్రాసి పంపితే మేమే ఎక్కిస్తాము. పేరు వద్దంటే నంబరు వేస్తాము. పెద్ద ఉద్యోగాలవారు ఎలాగూ వ్రాస్తారు. ‘నాకు వ్రాయడానికేమున్నది’ అనుకొనేవారు ముందుగా వ్రాయవలసిందని మా మనవి.

మరొక్క మాట. ఇంటి కాగితాల విషయంలో చిక్కు ఉన్నవారు పాత అద్దె రసీదులు, ఎంత చిరిగినవైనా సరే, పారవేయకుండా తీసుకొని రండి. పదకొండో నంబరు మిత్రుడు సాయంత్రం ఏడు దాటిన తరువాత ఇంట్లోనే ఉంటాడు.